హేబరు పండితుడు
(గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చిన శాస్త్రజ్ఞుని చరిత్రము)

నిజామాబాదునుండి బోధనునకు పోవు బాటసారి ఇరుప్రక్కలను పరికించుచు పోయినచో ఆ నేల చరిత్రములో సగము కన్నులకే గోచరించును. మంజీరా నదిపై 1923వ సంవత్సరమున ఆరంభమై 1931వ సంవత్సరమున పూర్తియైన నిజాంసాగరపు ఆనకట్ట ఈ ప్రాంతపు మెట్టభూములను మాగాణములుగా చేసెను. ఆ నీటిని నమ్ముకొని 1937వ సంవత్సరమున బోధను చెంత శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒకప్పుడు ఆసియాఖండమునందలి పెద్ద చక్కెర మిల్లులలో నొకటిగా పేరొందిన ఆ కర్మాగారము 2015వ సంవత్సరము డిసెంబరు నెలలో మూతపడెను. చెఱకుతోటలు నిలిచిన చోట్ల నేడు విశేషముగా వరిచేలే కానవచ్చుచున్నవి. పైరు మాఱినది. అయినను మాఱని వస్తువొకటి కలదు. అది రైతు భుజముపై నెక్కి చేనికి పోవు యూరియా బస్తా.

బాలబాలికలారా! మీలో అనేకులు కర్షకుల బిడ్డలు. వానకాలమున యూరియాకొఱకు దుకాణముల ముందర మీ తండ్రులు బారులు తీరి నిలుచుటను మీరు చూచియున్నారు. తెల్లని ఆ గింజలను చల్లిన కొలది దినములకే పాలిపోయిన పైరు నల్లగా తిరుగుటను గూడ చూచియున్నారు. ఆ గింజలు ఏ గనిలోనుండియు త్రవ్వి తెచ్చినవి కావు. వానిలోని సారము మనము పీల్చు గాలినుండి తీసినది. గాలినుండి ఆ సారమును తీయు విద్యను లోకమునకు నేర్పినవాడు ఫ్రిట్జ్ హేబరు అను జర్మనుదేశపు రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన పేరు మన పల్లెలలో నెవరును ఎఱుగరు. ఆయన పనిమాత్రము ప్రతియింటి కంచములోను ఉన్నది. ఆ చేతులే యుద్ధభూమిలో విషవాయువును గూడ విడిచినవి. కావున ఆయన చరిత్రమును ఒక ప్రక్కనే చదువుట న్యాయము కాదు.

హేబరు 1868వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన ప్రష్యా రాజ్యములోని బ్రెస్లా నగరమున ఒక యూదుల కుటుంబములో జన్మించెను. ఆ నగరము నేడు పోలండుదేశములో వ్రోట్సువాఫ్ అను పేరుతో నున్నది. శిశువు పుట్టిన మూడు వారములకే తల్లి మరణించెను. తండ్రి సీగ్‌ఫ్రీడు రంగుల వర్తకుడు. కుమారుడు తన వర్తకమునే చేపట్టవలెనని ఆయన కోరిక. కుమారుని మనస్సు రసాయన శాస్త్రమునందు లగ్నమైయుండెను. బెర్లినులోను హైడెల్‌బర్గులోను చదివి 1891వ సంవత్సరమున హేబరు డాక్టరు పట్టమును పొందెను. కొంతకాలము తండ్రి వర్తకములో పనిచేసెను గాని ఇరువురకును పొసగలేదు. ఆ దినములలో జర్మనీలో యూదులకు విశ్వవిద్యాలయములందు ఉన్నతోద్యోగములు లభించుట కష్టము. హేబరు యౌవనముననే క్రైస్తవ మతమును స్వీకరించెను. జర్మనుదేశమునకు తాను సంపూర్ణముగా చెందినవాడనని ఆయన నమ్మెను. ఆ నమ్మకమే ఆయనను ఎత్తునకు తీసికొనిపోయెను. కడపట ఆ నమ్మకమే ఆయనను దగా చేసెను.

1894వ సంవత్సరమున కార్ల్స్‌రూహ నగరములోని సాంకేతిక విద్యాలయమున హేబరు సహాయకుడుగా చేరెను. అచ్చట పదునేడేండ్లు పనిచేసి ఆచార్య పదవికి వచ్చెను. 1901వ సంవత్సరమున క్లారా ఇమ్మర్‌వారు అను విదుషిని వివాహమాడెను. ఆమెయు రసాయన శాస్త్రమును చదివినదే. బ్రెస్లా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందిన మొదటి స్త్రీ ఆమెయే. వివాహానంతరము ఆమె విద్య ఇంటి గోడల నడుమ అణగిపోయెను. 1902వ సంవత్సరమున వారికి హెర్మన్ అను కుమారుడు కలిగెను.

హేబరు చేపట్టిన పని యొక్క గౌరవము తెలియవలెనన్నచో నత్రజని సంగతి కొంత తెలిసికొనవలెను. మన చుట్టునున్న గాలిలో నూటికి డెబ్బదియెనిమిది పాళ్లు నత్రజనియే. మొక్కకు ఆకు కావలెనన్నను, గింజలో మాంసకృత్తులు చేరవలెనన్నను ఈ నత్రజని లేనిదే జరుగదు. కాని గాలిలో నత్రజని కణములు రెండేసి జతగూడి గట్టిగా పెనవేసికొనియుండును. ఆ ముడిని విప్పుట మొక్కకు సాధ్యము కాదు. సముద్రపు నడుమ నున్నవాడు దప్పికచే అలమటించునట్లు, పైరు నత్రజని సముద్రమున నిలిచియే నత్రజనికై అలమటించును. మెఱుపు ఆ ముడిని కొంత విప్పును. కంది, పెసర, శనగ, జనుము మొదలగు పైరుల వేళ్లబుడిపెలలో నివసించు సూక్ష్మజీవులును విప్పగలవు. ఈ రహస్యమును 1886వ సంవత్సరమున హెల్‌రీగెల్, విల్‌ఫార్ట్ అను జర్మను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

మన పెద్దలకు నత్రజని యను పేరు తెలియకున్నను దాని మర్మము తెలియును. జొన్నలో కందిసాలు వేసిరి. వేసవిలో చెఱువుమట్టిని బండ్లతో తోలి చేలలో పోసిరి. కోతలైన పిమ్మట గొఱ్ఱెలమందను చేనిలో పెట్టించి కాపరికి గింజలు కొలిచిరి. పశువుల పెంటను ఏడాది పొడుగున గుంతలో మాగవేసిరి. చెఱకునకు ఆముదపు పిండిని వేసిరి. జీలుగ, జనుము పెంచి పూతకు ముందే మడిలో త్రొక్కించిరి. ఈ పనులన్నియు నేలనుండి తీసినదానిని నేలకు తిరిగి యిచ్చు పనులే. అయితే పశువులెన్నియో పెంట అంత, పెంట యెంతయో పంట అంత. ఆ హద్దును దాటి పండించుటకు ఆ కాలమున దారి లేకుండెను.

ఐరోపాఖండమువారికి ఈ హద్దు మఱింత ఇరుకైనదిగా తోచెను. పట్టణములు పెరిగెను, పరిశ్రమలు పెరిగెను, జనసంఖ్య పెరిగెను. వారు పెరూదేశపు దీవులలోని పక్షిరెట్టలను ఓడలతో తెచ్చుకొనిరి. అవి తఱిగిపోగా దక్షిణ అమెరికాలోని చిలీదేశపు ఎడారినుండి నత్రజనిగల ఉప్పును తెచ్చుకొనిరి. 1898వ సంవత్సరమున బ్రిస్టలు నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభకు అధ్యక్షత వహించిన సర్ విలియం క్రూక్సు ఒక హెచ్చరిక చేసెను. చిలీ నిలువలు తఱిగిపోవు దినము వచ్చుననియు, గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా చేయు మార్గమును రసాయన శాస్త్రజ్ఞులు కనుగొననిచో గోధుమ తినువారికి అన్నము కఱవగుననియు ఆయన భావము. ఈ నత్రజని ఉప్పు మందుగుండునకు గూడ మూలవస్తువే. కావున రాజ్యములు దీనిని రెండు కన్నులతో చూచుచుండెను. ఒక కన్ను పొలముమీద, ఒక కన్ను ఫిరంగిమీద.

1904వ సంవత్సర ప్రాంతమున హేబరు ఈ ప్రశ్నను చేపట్టెను. నత్రజనిని ఉదజనితో కలిపినచో అమ్మోనియా యగును. చెప్పుటకు సులభము. వేడి చాలనిచో ఆ రెండును కలియవు. వేడి హెచ్చినచో కలిసినదియు విడిపోవును. మొదటి పరీక్షలలో ఆయనకు లభించిన అమ్మోనియా మిక్కిలి స్వల్పము. 1907వ సంవత్సరమున నెర్న్‌స్ట్ అను గొప్ప పండితుడు నిండు సభలో హేబరు లెక్కలను తప్పుపట్టెను. ఆ అవమానము హేబరును బాధించెను, పట్టుదలనుగూడ పెంచెను. ఇంగ్లీషు చానలులోని జెర్సీ దీవికి చెందిన రాబర్టు లె రొసిన్యోల్ అను యువకుడు ఆయనకు సహాయకుడయ్యెను. యంత్రములను చేయుటలో ఆ యువకుని చేయి నేర్పుగలది. మనచుట్టునున్న గాలి యొత్తిడికి ఇన్నూఱు రెట్ల యొత్తిడిని భరించు ఉక్కు పరికరమును, దాని మరలను అతడు స్వహస్తములతో సిద్ధపఱచెను. ఇంత యొత్తిడిలో, అయిదాఱువందల డిగ్రీల వేడిలో, ఆస్మియము అను అరుదైన లోహము సాన్నిధ్యమున ఆ రెండు వాయువులును కలియసాగెను.

1909వ సంవత్సరము జూలై మాసారంభమున బి.ఏ.ఎస్.ఎఫ్. అను పెద్ద రసాయన సంఘమువారు ఆ పరికరమును చూడవచ్చిరి. పరికరము మొదట మొరాయించెను. దానిని చక్కబఱచిన పిమ్మట అమ్మోనియా చుక్కచుక్కగా కారుట వారు కన్నులార చూచిరి. ఆ సంఘములోని కార్ల్ బాష్ అను ఇంజనీరు ఆ చుక్కలను టన్నులుగా మార్చు భారమును వహించెను. ఆస్మియము దొరకుట దుర్లభము గనుక ఆల్విన్ మిట్టాష్ అను శాస్త్రజ్ఞుడు వేలకొలది పరీక్షలు చేసి, తగిన పాళ్లలో మఱికొన్ని వస్తువులు చేర్చిన ఇనుమే ఆ పనిని చేయునని కనుగొనెను. 1913వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఓప్పావు అను ఊర మొదటి కర్మాగారము పనిచేయ నారంభించెను. ఒక్క మనుష్యుని బుద్ధివలన గాక, లెక్క వేసినవాడు, మర చేసినవాడు, తప్పు చూపినవాడు, వేలసార్లు విసుగక పరీక్షించినవాడు అందఱును కలసియే ఇది నెఱవేఱెను. తనకు వచ్చిన లాభములో హేబరు లె రొసిన్యోల్‌నకు భాగమిచ్చెను.

ఇంతవఱకు చెప్పినది వెలుగు. ఇక చీకటి చెప్పవలెను.

1911వ సంవత్సరమున హేబరు బెర్లిను చెంతనున్న డాలెములో క్రొత్తగా స్థాపింపబడుచున్న పరిశోధనాలయమునకు అధ్యక్షుడుగా పిలువబడెను. 1914వ సంవత్సరమున యుద్ధము మొదలయ్యెను. ఇంగ్లండు నౌకాదళము సముద్రమార్గమును మూయగా చిలీ ఉప్పు జర్మనీకి రాకపోయెను. అప్పుడు పొలముల కొఱకు కట్టిన అమ్మోనియా కర్మాగారము మందుగుండునకు మూలాధారమయ్యెను. ఆ అమ్మోనియాయే లేకున్నచో జర్మనీ అంతకాలము యుద్ధము సాగించియుండజాలదని చరిత్రకారులు చెప్పుదురు. హేబరు దీనితో తృప్తిపడలేదు. విషమును ఆయుధముగా వాడరాదని రాజ్యములు హేగు నగరమున ఒడంబడిక చేసికొనియుండినను, విషవాయువు ప్రయోగమునకు ఆయనయే పూనుకొనెను. యుద్ధము త్వరగా ముగిసినచో ప్రాణములు దక్కునని ఆయన వాదము. 1915వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదీ సాయంకాలమున బెల్జియములోని ఈప్రు నగరము చెంత, గాలి అనుకూలముగా వీచు సమయము చూచి, నూటయేబది టన్నులకు మించిన క్లోరిను వాయువును ఆయన పర్యవేక్షణమున విడిచిరి. పసుపుపచ్చని మబ్బు నేలబాఱుగా ప్రాకి కందకములలోని ఫ్రెంచి, ఆల్జీరియా సిపాయిలను ఉక్కిరిబిక్కిరి చేసి చంపెను. నాలుగు దినముల పిమ్మట అదేచోట ఎదురుదాడికి పంపబడిన లాహోరు డివిజనులోని మన భారతదేశపు సిపాయిలును ఆ వాయువు పాలైరి.

హేబరునకు సైన్యములో కాప్టెను పదవి లభించెను. ఆయన ఇంటికి వచ్చిన ఆ దినములలోనే, మే 2వ తేదీన, భార్య క్లారా తన ప్రాణమును తానే తీసికొనెను. కుమారునికప్పుడు పండ్రెండేండ్లు. మఱునాడే హేబరు తూర్పు యుద్ధరంగమునకు వెడలిపోయెను. ఈ సంగతిని పిల్లలు చదువు పత్రికలో వ్రాయవచ్చునా యని సందేహింపవచ్చును. వ్రాయక విడిచినచో ఈ చరిత్రము అబద్ధమగును. దేశము ఆజ్ఞాపించినది గనుక చేసితినను మాట మనుష్యునికి ఎంతవఱకు సమాధాన మీయగలదో ఆ యింటి ముంగిట నిలిచి ఆలోచింపవలసియున్నది.

యుద్ధములో జర్మనీ ఓడిపోయెను. 1918వ సంవత్సరపు నోబెల్ బహుమానమును అమ్మోనియా కొఱకు హేబరునకు ఇచ్చుచున్నట్లు 1919వ సంవత్సరమున ప్రకటించిరి. విషవాయువును ప్రయోగించినవానికి ఈ గౌరవమా యని అనేక దేశములలో నిరసన పుట్టెను. 1921వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన ఓప్పావులో నిలువచేసిన ఎరువుల గుట్ట ప్రేలి అయిదువందలమందికి పైగా మరణించిరి. ఎరువునకును మందుగుండునకును నడుమ గోడ ఎంత పలుచనిదో ఆ దినము తెలియవచ్చెను. జర్మనీ చెల్లింపవలసిన యుద్ధపరిహారము కొఱకు సముద్రపు నీటినుండి బంగారము తీయవలెనని హేబరు కొన్నేండ్లు శ్రమించెను. నీటిలో ఆయన ఊహించినంత బంగారము లేదని తేలగా ఆ పనిని విడిచెను.

1933వ సంవత్సరమున హిట్లరు అధికారమునకు వచ్చి యూదులను ప్రభుత్వోద్యోగములనుండి తొలగింపుమని శాసనము చేసెను. యుద్ధసేవ చేసినవాడు గనుక హేబరునకు మాత్రము మినహాయింపు లభింపగలిగియుండెను. తన క్రింద పనిచేయు యూదులను తన చేతితో తొలగింపవలసివచ్చినప్పుడు ఆయన నిరాకరించి ఏప్రిలు 30వ తేదీన తన పదవికి రాజీనామా చేసెను. ఆయన జీవితమున ఇది మెచ్చదగిన ఘట్టము. దేశము కొఱకు సర్వమును, అంతరాత్మనుగూడ ఒడ్డినవానికి దేశమున చోటులేకపోయెను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొన్ని నెలలు తలదాచుకొనెను. దేహము క్షీణించి, 1934వ సంవత్సరము జనవరి 29వ తేదీన స్విట్జర్లండులోని బాసెల్ నగరమున గుండెజబ్బుతో మరణించెను. క్లారా అస్థులను ఆయన అస్థులతోనే ఆ నగరమున ఉంచిరి. మరుసటి యేడు మాక్సు ప్లాంకు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు ప్రభుత్వపు అడ్డంకిని లెక్కచేయక హేబరునకు సంస్మరణసభ జరిపించెను. మఱియొక దారుణము మిగిలియుండెను. హేబరు పరిశోధనాలయపు పనినుండి పుట్టి, ధాన్యపు కొట్లలోని పురుగులను చంపుటకు వచ్చిన విషవాయు మందునే తరువాతికాలమున హిట్లరు సేవకులు యూదులను చంపుటకు వాడిరి. చంపబడినవారిలో హేబరు బంధువులును ఉండిరి.

హేబరు పోయెను, ఆయన నేర్పిన విద్య ఖండాంతరములకు వ్యాపించెను. మన దేశమున 1951వ సంవత్సరమున సింద్రీలో పెద్ద ఎరువుల కర్మాగారము పని మొదలుపెట్టెను. 1966వ సంవత్సరమున ఐఆర్-8 అను పొట్టి వరి వచ్చెను. తరువాత రాజేంద్రనగరములో పుట్టిన తెల్లహంస మొదలగు రకములు వచ్చెను. పాతకాలపు పొడుగు వరికి ఎరువు హెచ్చినచో పైరు పడిపోవును. పొట్టి వరి నిలిచి గింజ పట్టును. మన గోదావరి తీరముననే రామగుండములో 1980వ సంవత్సరమున బొగ్గుతో యూరియా చేయు కర్మాగారము మొదలై 1999వ సంవత్సరమున మూతపడెను. అదేచోట సహజవాయువుతో పనిచేయు క్రొత్త కర్మాగారము 2021వ సంవత్సరమున ఉత్పత్తి నారంభించెను. సాలుకు పండ్రెండు లక్షల టన్నులకు పైగా యూరియా చేయు శక్తి దానికి కలదు. నేడు ప్రపంచ జనములో ఇంచుమించు సగముమంది తినెడి తిండి హేబరు మార్గమున తీసిన నత్రజనివలననే పండుచున్నదని పండితుల అంచనా. ఈ మేలును తక్కువచేసి మాటలాడువాడు ఆకలి ఎఱుగనివాడు.

మేలు మితిలో నున్నంతవఱకే మేలు. చల్లిన యూరియాలో సగమైనను పైరు పీల్చుకొనుట అరుదు. కొంత అమ్మోనియాయై గాలిలో కలియును. కొంత నైట్రేటుగా మాఱి నీటితో క్రిందికి దిగి బావులలో చేరును. త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు మించరాదని మన దేశపు ప్రమాణము. తెలంగాణమునందలి పెక్కు జిల్లాల బావినీళ్లు ఈ హద్దును దాటినట్లు కేంద్ర భూగర్భజల మండలివారి పరీక్షలు చూపినవి. ఇందులో ఎరువుదే సర్వాపరాధము కాదు. మురుగుకాలువలును, మరుగుదొడ్ల గుంతలును, పెంటకుప్పలును భాగస్వాములే. అట్టి నీటితో పాలు కలిపి పోసినచో పసిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయు శక్తి తగ్గి దేహము నీలివర్ణము పొందు జబ్బు రావచ్చును. చెఱువులలో చేరిన నత్రజని, భాస్వరము నాచును, గుఱ్ఱపుడెక్కను బలియజేయును. అవి క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించి చేపలు చచ్చును. మఱికొంత నత్రజని నైట్రసు ఆక్సైడు అను వాయువై పైకి పోవును. భూమిని వేడెక్కించుటలో అది బొగ్గుపులుసు వాయువునకు సుమారు 270 రెట్లు బలమైనది. అమ్మోనియా చేయుటకే ప్రపంచమున ఖర్చగు శక్తిలో నూటికి ఒకటి రెండు పాళ్లు పోవుచున్నది.

ఈ నష్టమును చూచుటకు దూరము పోనక్కఱలేదు. చెఱకునకు నత్రజని మితిమీఱి వేసినచో, ఆలస్యముగా వేసినచో, ఆకు నల్లగా విరియబాఱును, గడ పొడుగు సాగి పడిపోవును, పక్వము ఆలస్యమగును, రసములో చక్కెర తగ్గును. బండి బరువు పెరిగినదని సంతోషించిన రైతునకు మిల్లులో తీపి తగ్గినదని తెలియును. వరిలో మితిమీఱిన పచ్చదనము సుడిదోమను, అగ్గితెగులును పిలుచును. వానిని చంపుటకు మఱియొక విషము కొనవలసివచ్చును. యూరియా ధరను ప్రభుత్వము భరించుటచే అది చవుక. భాస్వరము, పొటాషు ఖరీదు. చవుక యైనదానిని హెచ్చుగా చల్లుట మనుష్య స్వభావము. ప్రక్కచేను నల్లగా నున్నది, నాచేను పాలిపోయినది అను తొందరలో మఱి యొక బస్తా చల్లుటయు స్వభావమే. ఇందులో రైతును నిందించుట సులభము. అప్పుచేసి వేసిన పైరు కండ్లముందర పసుపుబాఱుచుండగా ఓర్చుకొనుమని చెప్పుట కష్టము.

ఓర్చుకొనుమని చెప్పుటకు మాఱుగా కొలుచుకొనుమని చెప్పవచ్చును. కొలుచు సాధనములు నేడున్నవి. మట్టిపరీక్ష కలదు. వరియాకును రంగుల పట్టికతో పోల్చి చూచి అవసరమున్నప్పుడే ఎరువు వేయు పద్ధతి కలదు. ఒకేసారి గాక రెండు మూడు దఫాలుగా, నీరు తీసిన మడిలో వేసినచో నష్టము తగ్గును. యూరియాకు వేపనూనె పూసినచో దానిలోని నత్రజని నైట్రేటుగా మాఱుట మందగించును. 2015వ సంవత్సరమునుండి మన దేశమున యూరియా నంతటిని ఇట్లే చేయవలెనని నిబంధన వచ్చెను. బోధను చెంతనున్న రుద్రూరులో చెఱకు, వరి పరిశోధన స్థానము కలదు. సందేహమున్నవారు అచ్చటికి పోయి అడుగవచ్చును. మన పెద్దల జీలుగ, జనుము, పెసర, చెఱువుమట్టి పాతవియైనను చెడిపోయినవి కావు. వానితో సగము తీర్చి, మిగిలిన సగమునకు బస్తా విప్పినచో హేబరు విద్యయు నిలుచును, నేలయు నిలుచును.

హేబరు పేరుతో విషశాస్త్రమున ఒక సూత్రము కలదు. విషవాయువు గాఢత కొంచెమైనను, పీల్చిన కాలము దీర్ఘమైనచో, గాఢమైన వాయువును కొంచెము సేపు పీల్చినదానితో సమానమైన హాని కలుగుననుటయే దాని సారము. యుద్ధము కొఱకు వేసిన ఆ లెక్క వాయువులకు చెప్పినది; బావినీటికి చెప్పినది కాదు. అయినను దానిలోని మర్మము మనము గుఱుతుంచుకొనదగినది. ఒక్క యేడు హెచ్చుగా చల్లిన గుప్పెడు కంటికి కానరాదు. ఏటేట చల్లిన గుప్పెడు బావిలో కూడుచుండును. ఆ కూడికను వ్రాసిపెట్టువాడెవడును లేకున్నను లెక్క తప్పదు.

హేబరు మంచివాడా, చెడ్డవాడా యని పిల్లలు అడుగుదురు. ఆయన గొప్ప బుద్ధిమంతుడు, మిత్రులయెడ ఉదారుడు, పట్టుదలగలవాడు. ఏది సాధ్యమో ఆయనకు తెలియును. ఎచ్చట ఆగవలెనో ఆయన తన మనస్సాక్షిని గాక తన దేశాధిపతులను అడిగెను. ఆగవలసినచోట ఒక్కసారి, కడపట, 1933వ సంవత్సరమున ఆగెను. అప్పటికి చాల ఆలస్యమైనది. మనలో ఎవ్వరును హేబరంతవారము కాకపోవచ్చును. కాని మీలో అనేకుల చేతులలోనికి నేడో రేపో ఆయన చేసిన ఆ తెల్లని గింజల బస్తా వచ్చును. దానిని విప్పునప్పుడు పైరునకెంత కావలెనో అంతయే చేతికి తీసికొని, మిగిలినదానిని మూటగట్టి ఇంటికి తెచ్చిన బాలుడు, ఆ మహాపండితుడు నేర్వలేకపోయిన పాఠమును నేర్చినవాడగును.